‘ఇంకా ఆ పుస్తకాలెందుకు’ అంటున్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు 27 ఏళ్ళు. డిగ్రీ రెండో ఏట పెళ్లి చేశారు. నాలుగేళ్ళు అత్తగారింట్లో ఉన్నాను. ఆయన తాగొచ్చి కొట్టేవాడు. పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టిన ప్రతిసారీ నన్నే సర్దుకుపొమ్మన్నారు. ఆఖరికి పాపను తీసుకొని తల్లిగారింటికి వచ్చేశాను. విడాకుల కాగితాలు ఇంకా కాలేదు. అమ్మ కైకిలికి పోతూనే నన్ను మళ్ళీ చదివించింది. ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు నల్లగొండలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను.

వచ్చే సెమిస్టర్‌కు ఆప్షనల్ పేపర్ ఎంచుకోవాలి. స్త్రీ సాహిత్యం తీసుకోవాలని, ప్రాజెక్టు కూడా అందులోనే చెయ్యాలని నాకుంది. ‘మొగుణ్ణి ఇడిసి వచ్చినదానివి, ఇంకా ఆ పుస్తకాలెందుకు? ఉన్న పేరు చాలదా?’ అంటున్నాడు అన్నయ్య. క్లాసులో ఒక సారు ‘అదంతా ఏడుపు సాహిత్యం, వ్యాకరణం తీసుకో’ అన్నారు. ఊళ్ళో నన్ను నా పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ‘ఇడిసిపెట్టి వచ్చినామె’ అంటారు. మొన్న పెన్షన్ దరఖాస్తులో ‘ఒంటరి మహిళ’ అని రాశారు. అమ్మ, నేను, పాప ఒకే కంచంలో తింటున్నాం. ఒంటరిదాన్ని ఎట్లయితాను?

ఇంకో అనుమానం. పుస్తకాల్లో కూడా స్త్రీవాద రచయిత్రి, దళిత రచయిత్రి, మైనారిటీ కవయిత్రి అనే రాస్తున్నారు. ఊరి ముద్రలు వదిలించుకుందామని చదువుకు వస్తే ఇక్కడా ముద్రలేనా? ఈ చదువు నాకు నిజంగా ఏమన్నా ఇస్తుందా?

— ఒక చెల్లె, దేవరకొండ ప్రాంతం

జవాబు:

చెల్లీ,

ఆ పేపరే తీసుకో. ప్రాజెక్టు కూడా అందులోనే చెయ్యి. పుస్తకాల్లోనూ ముద్రలేనా అని అడిగావు చూడు, ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. పెద్ద పెద్ద సదస్సుల్లో కూడా ఆ మాట అంత సూటిగా అడిగేవాళ్ళు తక్కువ. దాని జవాబు కొంచెం ఆగి చెబుతాను. ముందు కొంతమంది మనుషులను నీకు పరిచయం చెయ్యాలి.

మీ దేవరకొండతోనే మొదలుపెడదాం. భండారు అచ్చమాంబ పేరు తొలి తెలుగు కథకురాలిగా నీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. ఆరేళ్ళప్పుడు తండ్రి పోతే తల్లి పిల్లలను తీసుకొని దేవరకొండలో ఉన్న సవతి కొడుకు దగ్గరికి వచ్చింది. ఆ పిల్లల్లో చిన్నవాడే తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు. అచ్చమాంబకు పదేళ్ళకే పెళ్లి చేశారు. బడి చదువు లేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చొని నేర్చుకుంది, తెలుగుతో మొదలుపెట్టి హిందీ, మరాఠీ, బెంగాలీ దాకా వెళ్లింది. కన్నబిడ్డలు ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆమె కూడా 1905లో, ముప్పయ్యేళ్ళు దాటీ దాటకముందే పోయింది.

ఆమె కాలంలో ఆడవాళ్ళ గురించి రెండు మాటలు గట్టిగా చెలామణిలో ఉండేవి. ఆడవాళ్ళకు తెలివి తక్కువ అన్నది ఒకటి, చదివిస్తే చెడిపోతారన్నది ఇంకొకటి. ఈ రెండో మాట మీ అన్నయ్య నోట ఇవాళ వినిపిస్తోంది కదా, అది ఆయన సొంత మాట కాదు, నూట ఇరవై ఏళ్ళ పైబడిన మాట. అచ్చమాంబ ఆ మాటలు తప్పని చూపించడానికే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. ఎట్లా చూపించిందో గమనించు. చరిత్రలో నిజంగా బతికిన స్త్రీలను, రాజ్యాలేలినవాళ్ళను, కవిత్వం రాసినవాళ్ళను, చదువులో పేరు తెచ్చుకున్నవాళ్ళను ఒక్కొక్కరిగా వెతికింది. వాళ్ళ జీవితాలు రాసి ఒకచోట చేర్చింది. 1901లో మొదటి భాగం అచ్చయింది. ఆడవాళ్ళకు తెలివి లేదు అన్నవాళ్ళ ముందు అన్ని బతుకులు పెట్టి, ఇక మీరే చెప్పండి అన్నట్టు నిలబడింది.

ఇదే పద్ధతిని మరో ముప్పయ్యేళ్ళకు పాలమూరు మనిషి ఒకాయన ఇంకో ముద్ర మీద వాడాడు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, గద్వాల దిక్కు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో స్త్రీలు కూడా ఉన్నారు, తక్కువమందే అయినా. ఈ సంగతి నీకు తెలిసిందే, పరీక్షల్లో ఎప్పుడూ అడుగుతారు. అచ్చమాంబ పనినీ ఈ పనినీ పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

మూడో పుస్తకం మన జిల్లాదే. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ, వరంగల్ పల్లెల్లో జరిగిన సాయుధ పోరాటం గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. వాటిలో ఆడవాళ్ళు ఎక్కువగా అన్నం వండి పెట్టినవాళ్ళుగా, నాయకుల భార్యలుగా కనిపిస్తారు. హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన అనే బృందం టేప్ రికార్డర్ పట్టుకొని ఆ స్త్రీల ఇళ్ళకు వెళ్లి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని తెచ్చింది. నీ ఆప్షనల్‌లో ఈ పుస్తకం ఉన్నా లేకున్నా చదువు. సూర్యాపేట దగ్గర కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం దళం నడిపింది, ఆమె తలకు ప్రభుత్వం పదివేల వెల కట్టింది, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. ఆమెది అందరికీ తెలిసిన కథ. ఆ పుస్తకం గొప్పతనం ఆమె పక్కన మిగతావాళ్ళను కూడా అంతే శ్రద్ధగా కూర్చోబెట్టడంలో ఉంది. తుపాకీ పట్టినవాళ్ళు, కొరియర్‌గా తిరిగినవాళ్ళు, అడవిలో పసిబిడ్డను ఎవరికో అప్పగించాల్సి వచ్చిన తల్లి. పోరాటం ఆగిపోయాక ఇక ఇళ్ళకు పొండి అంటే వాళ్ళకు ఎట్లా ఉండిందో చెబుతారు. ఏ ఇంటికి పోవాలి? దళంలో తిరిగివచ్చిన ఆడదాన్ని ఊరు ఏ కంటితో చూస్తుంది? చెల్లీ, ఆ పేజీలు చదువుతుంటే తల్లిగారింటి గడప మళ్ళీ తొక్కిన నీకు వాళ్ళ గొంతు బాగా తెలిసినట్టు అనిపిస్తుంది.

ఈ మూడు పుస్తకాలూ చేసిన పని ఒకటే, నేను నీకు చెప్పదలచుకున్నదీ అదే. ముద్ర అంటే ఒక్క మాట. ఆ మాట వేసినవాడికి మనిషి గురించి ఇంకేమీ తెలుసుకోవాల్సిన పని లేదు, అందుకే అది అంత సులువుగా అతుక్కుంటుంది. నేను అది కాదు, అది కాదు అని ఎంత వాదించినా ఆ మాట చుట్టే తిరుగుతాం. దాన్ని కదిలించేది బతుకు వివరం. ఏ ఊరు, ఏం పని చేసింది, ఏం పాడింది, ఏం తిన్నది, ఎవరికి ఎదురు చెప్పింది, ఎందుకు వచ్చేసింది అని వివరంగా రాసిన చోట ఆ ఒక్క మాట చాలదని చదివేవాడికే తెలిసిపోతుంది. స్త్రీ సాహిత్యం చదవడమంటే ఆ వివరం చూడటం నేర్చుకోవడం. నీ గురించి నువ్వు ఆలోచించుకునేటప్పుడు కూడా.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఊరు నిన్ను ఏమంటుందో ఉంది. అన్నయ్య ఏమన్నాడో, సారు ఏమన్నారో, దరఖాస్తులో ఏం రాశారో ఉంది. నీకు ఏ కవిత్వం ఇష్టమో, పాపతో ఏ ఆటలాడతావో, కైకిలి నుంచి వచ్చిన అమ్మతో రాత్రి ఏం మాట్లాడుకుంటావో లేదు. తప్పు పట్టడం లేదు బిడ్డా. ముద్రలు చేసే పెద్ద నష్టం ఇదే. అవి మన గురించి మనం చెప్పుకునే జాగా అంతా ఆక్రమిస్తాయి. వాటికి జవాబు చెప్పుకోవడంతోనే ఉత్తరం నిండిపోతుంది.

అందుకే కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ చదవమంటాను. 1918లో పుట్టి నూరేళ్ళు బతికిన మనిషి. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, ఆ పెళ్లి గుర్తు కూడా లేకముందే బాలవితంతువు అన్నారు. మళ్ళీ పెళ్లి చేసుకుంటే దానికీ ఒక పేరు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేసింది, అజ్ఞాతంలో తిరిగింది. తర్వాత భర్త దూరమయ్యాడు. ఆయన పెద్ద విప్లవ నాయకుడు కాబట్టి లోకానికి ఆమె ఆయన భార్యగానే తెలుసు. ముప్పై దాటాక హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మళ్ళీ చదువుకుంది, కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్‌లో మేట్రన్‌గా ఉద్యోగం చేసుకొని బతికింది. 2012లో, తొంభై దాటాక ఆ పుస్తకం అచ్చయింది. భర్త వదిలేసిన స్త్రీ కథ అని ఎవరైనా ఒక్క మాటలో చెబితే నమ్మకు. పాటలు, సభలు, హాస్టల్ పిల్లలు, స్నేహాలు, పోయిన బిడ్డలు, అన్నీ ఉన్నాయి అందులో. భర్త కూడా ఉన్నాడు, ఆయనకు దక్కాల్సినంత మేర.

ఇక మీ సారు మాట. ఏది సాహిత్యం, ఏది ఏడుపు అని తేల్చే అధికారం ఎప్పుడూ ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో చూపడానికి తెలుగులో ఒక మంచి ఉదాహరణ ఉంది, పరీక్షలో కూడా పనికొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. కృష్ణుడి శృంగారం మన కావ్యాల్లో కొత్త కాదు, మగ కవులు ఎంత పచ్చిగా రాసినా ప్రబంధమన్నారు. ఈమె రాధ వైపు నుంచి, రాధ కోరిక గురించి రాసేసరికి కందుకూరి వీరేశలింగం ఆమెను వేశ్య అని, ఆ పద్యాలు స్త్రీ నోట రాదగినవి కావని రాశాడు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు ఎత్తేశారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ మూల ప్రతి సంపాదించి పూర్తి కావ్యాన్ని వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకే ఉండాలా, మగవాళ్ళకు అక్కర్లేదా అనే ధోరణిలో పీఠికలో నిలదీసింది. వేశ్య అన్న మాట తన మీద కూడా పడేదని తెలిసే ఆ పని చేసింది, ఆమె కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన మనిషే. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గాని నిషేధం పోలేదు.

వీరేశలింగం చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయలేదు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఊరందరి శాపనార్థాలు తిన్నవాడు ఆయన. ఆడపిల్లల చదువు కోసం నిజంగా పాటుపడ్డాడు. అంతటి మనిషి కూడా బాధపడే స్త్రీని ఆదరించగలిగాడు గాని ఇష్టాన్ని నోరు విప్పి చెప్పిన స్త్రీని భరించలేకపోయాడు. ఇది నువ్వు పట్టుకోవాల్సిన సూక్ష్మం. ఏడుపు సాహిత్యం అన్న మీ సారు కూడా బహుశా సగమే చదివి ఉంటారు. స్త్రీల రాతల్లో ఏడుపు ఉంది, ఉండాల్సిందే. దాంతో పాటు వెటకారం, కోపం, కోరిక, పని పాటలు, తిట్లు, లెక్కలు ఉన్నాయి. పేచీ పెట్టుకోకుండా సెమినార్‌లో ముద్దుపళని మీద ఒక పేపర్ చదువు. సారు ముందు వరసలో కూర్చొని వింటారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. పుస్తకాల్లోనూ ముద్రలే కదా?

నిజమే. మొల్లను కుమ్మరి మొల్ల అంటాం, నన్నయ కులం మాత్రం ఎవరూ పేరు ముందు తగిలించరు. ఈ లెక్కన సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు ఊరి పెద్దమనుషులకు ఏమీ తీసిపోలేదు. అయితే ఈ మధ్య నలభై ఏళ్ళలో వచ్చిన పేర్లు చాలావరకు వేరే రకం. స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తలో జయప్రభ పైటను తగలెయ్యాలి అని రాసింది. ఆడదాని ఒంటిని అనుక్షణం కాపలా కాసే గుడ్డ మీద కోపం అది, నిజమైన కోపం. తర్వాత మన తెలంగాణ నుంచి జూపాక సుభద్ర ‘కొంగు’ అని రాసింది. పొలంలో కూలిపని చేసే దళిత స్త్రీకి కొంగు సిగ్గుకు కాపలా గుడ్డ కాదు, చెమట తుడిచేది, మూట కట్టేది, పొద్దంతా ఆమెతో పాటు కష్టపడేది. నువ్వు తగలెయ్యమన్నది నా దగ్గర లేదక్కా, నా దగ్గరున్న దాన్ని నువ్వు చూడలేదు అని చెప్పినట్టు. స్త్రీ అన్న ఒకే పేరు కింద అందరినీ కలిపేస్తే కొందరు కనిపించకుండా పోతున్నారని ఆ కవిత తెలియజెప్పింది. అందుకని ఆ స్త్రీలే దళిత, మాదిగ, ముస్లిం, తెలంగాణ అని తమ పేర్లు తామే ముందుకు తెచ్చుకున్నారు. ఊరు నీకు వేసిన ముద్ర నిన్ను దూరం పెట్టడానికి వేసింది. వాళ్ళు తీసుకున్న పేరు, మమ్మల్ని వదిలేసి లెక్క పెడుతున్నారు, మళ్ళీ లెక్కపెట్టండి అని అడగడానికి. ఈ తేడా పట్టుకుంటే చాలు. ఆ పేర్లు కూడా శాశ్వతం కావు. తనను కవి అంటే చాలని, ముందు ఏ పేరూ వద్దని ఒక రచయిత్రి అంటే అది ఆమె హక్కు, నువ్వు ప్రాజెక్టులో ఆ మాట గౌరవించాలి.

చిట్యాల ఐలమ్మను చూడు. పాలకుర్తిలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలంలో పంట తాను కోసుకున్న మనిషి. దొర ఉండే గడీలో కులం పేరు పెట్టి పిలవడం అంటే నీ జాగాలో నువ్వుండు అనడమే. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆ కులం పేరుతో సహా చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మధ్యలో ఎంతమంది పోరాడితే ఆ మాట గడీ నుంచి విశ్వవిద్యాలయం బోర్డు మీదికి చేరింది! అట్లాగని ఊళ్ళో ఎవరైనా ఆ మాటను ఇవాళ తిట్టుగా వాడితే ఊరుకోవాలని కాదు. ఎవరు అంటున్నారు, ఎందుకు అంటున్నారు, అందువల్ల ఎవరికి ఏం పోతోంది అని ప్రతిసారీ చూడాల్సిందే.

‘ఒంటరి మహిళ’ అన్న మాటను కూడా ఇట్లాగే చూడు. 2017లో ప్రభుత్వం ఆ పేరుతో నెలకు వెయ్యి రూపాయల పెన్షన్ పెట్టింది, తర్వాత అది 2,016 అయింది. అప్పటిదాకా వితంతువుకు పెన్షన్ ఉండేది, భర్త బతికుండీ విడిపోయిన స్త్రీ ఏ లెక్కలోకీ వచ్చేది కాదు. ఆ మాట ఖజానా తలుపుకు తాళంచెవి, అంతే. దరఖాస్తులో రాయి, డబ్బులు తీసుకో, పాప ఫీజు కట్టు. మీ ఇంట్లో ముగ్గురున్నారన్న నిజం ఆ కాగితం వల్ల మారదు. ఆఫీసు మాటను ఆఫీసులోనే వదిలి రావడం నేర్చుకోవాలి. ఊరి మాటలాగా అది రాత్రిపూట నిన్ను పీడించాల్సిన అవసరం లేదు.

కొన్ని ముద్రలు మాటలతో ఆగవు, ఒంటి మీదికి వస్తాయి. నారాయణపేట, మక్తల్, ఊట్కూరు దిక్కు జోగినుల సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. పసిపిల్లను దేవత పేరు చెప్పి ఊరిపాలు చేసే ఆచారం, అదీ ఎక్కువగా దళిత ఇళ్ళలోనే. 1988లో చట్టం చేసి నిషేధించారు. ఆ ప్రాంతానికి దగ్గరే తాండూరు దిక్కు పెద్దేముల్‌లో పుట్టిన గోగు శ్యామల కథల్లో ఒక తండ్రి ఉంటాడు. కూతురిని జోగినిని చెయ్యాలని ఊరి పెద్దలు పట్టుబడితే, ఆ పిల్లను ఊరు దాటించి హాస్టల్‌లో చేర్పిస్తాడు. దానికి ఆయన చెల్లించిన వెల చదివితే గుండె అదురుతుంది. ఆ కథ మీ అన్నయ్యకు చదివి వినిపించు. స్త్రీ సాహిత్యం అంటే మగవాళ్ళను తిట్టే పుస్తకాలు అని ఆయన అనుకుంటూ ఉంటే, ఆ తండ్రి దగ్గర ఆ అనుమానం తీరుతుంది.

అన్నయ్య గురించి ఒక మాట. ఆయన మాటలో కోపం కంటే భయం ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది. చెల్లెలిని ఇంట్లో పెట్టుకున్నోడు అని ఆయన వెనక కూడా ఊరు అంటూనే ఉంటుంది. ముద్రల బరువు మగవాళ్ళ మీద, ఊళ్ళ మీద, జిల్లాల మీద కూడా పడుతుంది. పాలమూరు నుంచి ఎక్కడికి పనికి పోయినా పాలమూరు లేబర్ అన్న పేరే ముందు పోతుంది, ఆ చేతుల పనితనం తర్వాత. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ ఊళ్ళంటే సంబంధాలు కలుపుకోవడానికే జంకిన కాలం ఉంది, నీళ్ళు చేసిన పాపానికి మనుషులను తప్పించారు. ఇవన్నీ ఆయనకు తెలుసు. వాటి పక్కనే నీ సంగతి పెట్టి మాట్లాడు. అయితే ఆయన ఒప్పుకునేదాకా ఫారం నింపకుండా కూర్చోవద్దు. నిన్ను చదివిస్తున్నది అమ్మ, చదివేది నువ్వు.

ఈ చదువు ఇవ్వలేనివి కూడా చెబుతాను, తర్వాత నిరాశ పడకూడదు. ఊరు రేపటి నుంచి నిన్ను పేరు పెట్టి పిలవదు. రాత్రి పుస్తకం మూసి పొద్దున బోరింగు దగ్గరికి పోతే అవే మాటలు వినబడతాయి. కొన్నాళ్ళు ఇంకా ఎక్కువ గుచ్చుకుంటాయి, ఎందుకంటే ఇప్పుడు వాటి వెనక ఏముందో నీకు కనిపిస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా వస్తుంది. మనం ఎదుటివాళ్ళకు వేస్తున్న ముద్రలు కనబడతాయి. రెండో పెళ్లి చేసుకున్న ఆమెను, పిల్లలు లేని ఆమెను, పక్క తండా నుంచి వచ్చే అమ్మాయిని మనం ఏమంటున్నామో వినబడుతుంది. అది బాధగా ఉంటుంది. ఆ బాధ లేకుండా చదివితే మాత్రం మార్కులు తప్ప మిగిలేదేమీ లేదు.

చదువు పేరు మీద అసలు పనులు ఆపొద్దు. బీఈడీ చెయ్యి, టెట్, డీఎస్సీ రాయి. నెట్, జేఎల్ (జూనియర్ లెక్చరర్) పరీక్షల తెలుగు సిలబస్‌లో స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యాలు ఉండనే ఉన్నాయి, కాబట్టి ఈ పేపర్ వల్ల నష్టమన్న టెన్షన్ వద్దు. విడాకుల సంగతి ఇంకా నాన్చకు. నల్లగొండ కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పాప పోషణ ఖర్చు కూడా అక్కడే అడుగు. మీ ఆయన వచ్చి గొడవ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

ప్రాజెక్టుకు వస్తే, పేరున్న రచయిత్రి నవలల మీద చేస్తే సులువుగా అయిపోతుంది, లైబ్రరీ బీరువాలో అట్లాంటివి కట్టలు కట్టలు ఉన్నాయి. నువ్వు మీ మండలంలోనే పని చెయ్యి. తల్లిగారింటికి తిరిగి వచ్చిన స్త్రీలు, మారుమనువు చేసుకున్న స్త్రీలు మీ చుట్టుపక్కల ఉంటారు. వాళ్ళ జీవిత కథనాలు తీసుకో. కొన్ని కులాల్లో మారుమనువు మామూలు సంగతి, కొన్నింట్లో నోరెత్తకూడని సంగతి. ఒకే పనికి ఒక వాడలో ఒక పేరు, ఇంకో వాడలో ఇంకో పేరు ఎట్లా పెడుతున్నారో వాళ్ళ మాటల్లోనే దొరుకుతుంది. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు పాడేవాళ్ళు ఉంటే అవీ రాసుకో. చెరువు కట్ట నిలవడానికి కోడలిని బలిచ్చిన కథ బతుకమ్మ పాటల్లో వస్తుంది. ఆ పాట పాడేటప్పుడు మీ ఊరి ఆడవాళ్ళు ఆ కోడలి గురించి ఏమనుకుంటారో అడుగు. ఏ పుస్తకంలోనూ లేని సమాధానాలు వస్తాయి.

అడిగే పద్ధతి ముఖ్యం. నీ కష్టాలు చెప్పు అని మొదలుపెట్టకు. ఏ పనిలో చెయ్యి తిరిగింది, ఎవరు నేర్పారు, ఏ సంగతికి గర్వంగా ఉంటుంది అని అడుగు. కష్టం దానంతట అదే వస్తుంది, వచ్చినప్పుడు మధ్యలో అడ్డుపడకు. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే రాయి, పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. పేర్లు, ఊళ్ళు మార్చు. రాసింది వాళ్ళకు చదివి వినిపించు. వద్దన్న ముక్క తీసెయ్యి, అది ఎంత బాగా వచ్చినా సరే. మార్కుల కోసం ఒకామె కాపురం సంగతి బజారున పెట్టామంటే మనమూ ముద్ర వేసినవాళ్ళమే. నీ సొంత కథ అందులో పెట్టాల్సిన అవసరం లేదు. రాసుకోవాలనిపిస్తే వేరే నోటుబుక్కులో రాసుకో, ఎవరికి చూపించాలో తర్వాత నువ్వే చూసుకోవచ్చు.

మొదటి ఇంటర్వ్యూ మీ అమ్మతో చెయ్యి. కూతురు తిరిగొచ్చిన రోజు ఊరు తననేమన్నదో, కైకిలి డబ్బులతో చదివించాలని ఎందుకు అనుకుందో నీకు ఇంతవరకు చెప్పి ఉండదు. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసే ముందు ఆమెను కూడా అడగాలి, అమ్మే కదా అని వదిలెయ్యకు. ప్రశ్నలు రాసుకున్నాక ఒక కాపీ నాకు పంపు. చూసి చెబుతాను.